అంకె తప్పిన పెంగ్విన్లు

తప్పు నాదే, ముందే చెప్పేస్తున్నాను.
మూడు ఉండాల్సిన చోట ఎనిమిది వేసింది ఈ చెయ్యే.

పుంటా అరేనాస్‌లో వీధుల వెంట తాళ్లు కట్టి
జనం వాటిని పట్టుకుని నడిచే గాలికాలం.
తలుపు తోసుకుని కాదు, గాలి తోస్తే లోపలికొచ్చాడు
ఎలియెసర్ మన్సీయా, గ్యాస్ హీటర్లు బాగుచేసేవాడు.
ఫ్రిజ్‌కి అతుక్కునే అయస్కాంతం బిళ్లలు కావాలన్నాడు,
ఐదొందలు.
"కార్డు ఇస్తే జేబులోనే చచ్చిపోతుంది.
ఇదైతే పాలకోసం తలుపు తీసినప్పుడల్లా కనపడతాను."

మంట ఆకారం అడిగాడు. దానికి కొత్త అచ్చు చెయ్యాలి, ఖరీదు.
టూరిస్టుల కోసం చేయించిన పెంగ్విన్ అచ్చు చవక.
కాసేపు గోడకేసి చూసి నవ్వాడు.
"ఈ ఊళ్లో చలికి వణకనిది అదొక్కటే. వేసెయ్యండి."
సగం చేతిలో డబ్బు, సగం బావమరిది దగ్గర చేబదులు.
అప్పు చేసి పప్పుకూడంటారు,
ఇతను అప్పు చేసి పెంగ్విన్లు.

రొట్టెల కొట్లో, మందుల షాపులో, పడవల రేవులో,
ప్రసూతి ఆసుపత్రి మెట్ల మీద వేసవంతా పంచాడు.
బేరమే తగల్లేదు, అప్పుడే కొసరా అని
ఊరు నవ్వింది. నవ్వుతూనే పుచ్చుకుంది.

జూన్ వచ్చింది.
పగలు ఏడున్నర గంటలకి కుదించుకుపోయింది.
అతని భార్య ఫోన్ పక్కనే కూర్చుని ఊలు అల్లుతోంది,
రెండు స్వెట్టర్లు పూర్తయ్యాయి, ఫోన్ మోగలేదు.
"జనం ఫ్రిజ్ తెరవడం మానేశారా?" అని
నా దగ్గరికొచ్చి అడిగి వెళ్లాడు.

అతను వెళ్లాక, ఎందుకో,
మా మిషన్‌కి అంటించిన పెంగ్విన్ని పీకి
దాని పొట్ట మీది నంబరు తిప్పాను.

"హీటరా? ఏ వీధి?
మంట నీలమా, పసుపా? పసుపైతే ముందు కిటికీ తియ్యండి.
ఇంట్లో పసిబిడ్డ ఉందా?"

ఎవరో ముసలావిడ. నాకు నోట మాట రాలేదు.

దానిత్సా కారెలోవిచ్,
ముప్ఫై ఏళ్లు ఎక్స్చేంజిలో తీగలు కలిపిన మనిషి.
"మొదటి ఫోన్ రాంగ్ నంబరని పెట్టేశాను.
వెనకాల ఓ పిల్ల దగ్గింది.
ఆ దగ్గు రాత్రంతా నా మంచం పక్కనే ఉంది.
మర్నాడు గ్యాస్ కంపెనీకి వెళ్లి
నీలమంటే ఏమిటో, పసుపంటే ఏమిటో నేర్చుకున్నాను.
మీ మన్సీయాని వెతికాను కూడా. ఊరినిండా మన్సీయాలే."

ఎలియెసర్‌ని తీసుకుని కొండవాలు మీది ఆ రేకుల ఇంటికెళ్లాను.
దారిలోనే నిజం చెప్పాను. అతను ఏమీ అనలేదు.
ఆవిడ నోటుబుక్కు తెరిచింది, అరవైమూడు పేర్లు,
తేదీ, వీధి, మంట రంగు, పిల్లలెందరు.
"ముందు ఇక్కడికి వెళ్లు" అని ఒక పేరు మీద వేలు పెట్టింది.
అతను కూర్చోలేదు. కాఫీ ముట్టలేదు.
నోటుబుక్కు చంకలో పెట్టుకుని గాలిలోకి దిగిపోయాడు.

నాతో రెండు నెలలు మాట్లాడలేదు.
అది న్యాయమే.

మరుసటేడు మళ్లీ ఐదొందలు కావాలని వచ్చాడు.
ఈసారి డబ్బొద్దన్నాను, మంట అచ్చు నా ఖర్చన్నాను,
మూడు వేసి, మూడుసార్లు సరిచూసి, నమూనా ఇచ్చాను.
పెన్ను తీసి మూడుని ఎనిమిది చేశాడు.
"ఆవిడ జీతం పుచ్చుకోదు.
వంటింటి హీటర్ ఏటా తుడిచిపెట్టమంది, అంతే.
పెంగ్విన్నీ మార్చకండి. ఊరు గుర్తుపట్టేది దాన్నే."

ఇప్పుడు ఏ నంబరైనా తిప్పి చూశాకే అచ్చుకి పంపుతాను,
మంగలిదైనా, తాళాలవాడిదైనా.
ఒక్కోసారి పని అయిపోయాక
పనేమీ లేకుండా ఆ నంబరూ తిప్పుతాను.
నా ఊపిరిని బట్టే పోల్చుకుంటుంది.
"హీటర్ కాదుగా?
అయితే చెప్పు, మీ వీధిలో తాళ్లు కట్టారా ఇంకా?"